సుడులు చూసి కొన్న స్కూటరు

ఆ రోజుల్లో స్కూటరు కొనడమంటే అంగట్లోకి పోయి డబ్బిచ్చి తెచ్చుకునే పని కాదు. కొత్త బండి కావాలంటే ముందు పేరు రాయించుకోవాలి, తర్వాత ఎదురుచూడాలి, ఆ తర్వాత కూడా ఎదురుచూడాలి. పేరు రాయించుకున్నప్పుడు మీసం మొలవనివాడు బండి చేతికి వచ్చేసరికి మీసాలకు రంగు వేసుకుంటాడని మా జమ్మలమడుగులో ఒక మాట ఉండేది. అందుకని నాబోటి బడిపంతుళ్ళం ఎవరో ఒకరు వాడి వదిలేసిన బండి ఎక్కడుందా అని చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళం. అలా నాకు దొరికిన మొదటి బండి ఒక చిన్న స్కూటరు. ఎంత చిన్నదంటే, వీధిలో దాన్ని అందరూ 'మేకపిల్ల' అనేవాళ్ళు. అయినా నాకు దాని మీద ఎంత గర్వమో చెప్పలేను. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, ఇరవై ఆరేళ్ళు, మా వీధిలో ఇంజను ఉన్న ఏకైక మనిషిని. ఒంట్లో యాభై కిలోలకు మించి లేను కాబట్టి మేకపిల్లకూ నాకూ బాగా కుదిరింది.

కుదరనిది పెళ్ళయిన తర్వాతే. నా భార్య నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. (పెళ్ళి ఫొటోలో ఇద్దరం సమానంగా కనిపిస్తాం. ఫొటో తీసినాయన నా కాళ్ళ కింద పీట వేశాడు, ఫొటోలో పీట రాకుండా చూశాడు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.) ఆమె మిషన్ వాళ్ళ ట్రైనింగు స్కూల్లో, హాస్టల్లో ఉండి చదివింది. పెళ్ళయిన ఏడాదికే టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఆడమనిషికి ఉద్యోగం రావడం అదే మొదలు. ఆర్డరు కాయితం వచ్చిన రోజు నేను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను, నాకే వచ్చినట్టు. సాయంత్రం తీరిగ్గా చదివితే తెలిసింది, ఉద్యోగం గండికోట దారిలో, మిట్ట మీదుండే ఒక పల్లెలో. మా ఇంటికి ఎనిమిది మైళ్ళు. బస్సు మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. బడి గంట మాత్రం పొద్దున తొమ్మిదిన్నరకు. ఆ ఊళ్ళో ఉందామంటే అద్దెకిచ్చే గది ఒక్కటే ఉంది, అందులో హెడ్మాస్టరు గారున్నారు.

మేకపిల్ల మీద దిగబెడతానని నేను గొప్పగా చెప్పాను. చదునున్నంత సేపు బాగానే పోయేది. మిట్ట మొదలు కాగానే దానికి ఆయాసం వచ్చేది. సగం ఎక్కాక నిలబడిపోయేది. అప్పుడు ఆమె దిగేది, నేను ఒక్కణ్ణీ బండి మీద గుర్రుగుర్రుమంటూ ఎక్కేవాణ్ణి, ఆమె పక్కన నడిచేది. నడవడమంటే మామూలు నడక కాదు, చాలా రోజులు మిట్ట మీదికి నాకంటే ముందే చేరి చెంగుతో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉండేది. ఆ దారిలోనే రోజూ ఒక ముసలాయన చొప్ప వేసుకుని ఎద్దులబండి తోలుకుపోయేవాడు. మమ్మల్ని చూడగానే ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చేది.

"పంతులూ, మోకు ఈడ ఏలాడ్తాండాది సూడు. మీ బండిని దానికి కట్టు, మా ఎద్దులు లాగుతాయి. కూలి ఏం ఇయ్యొద్దులే!" అనేవాడు.

నేను వినబడనట్టు నటించేవాణ్ణి. నా భార్య నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

నవ్వులాట ఎక్కువ రోజులు సాగలేదు. ఆమె మూడుసార్లు బడి గంట కొట్టేశాక చేరింది. మూడోసారి హెడ్మాస్టరు గారు గేటు దగ్గరే నిలబడి, గడియారం చూపించి, "అమ్మా, నీది ఇంకా పర్మనెంటు కాలేదు. నాలుగోసారి ఆలస్యమైతే నేను పైకి రాయక తప్పదు. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు," అన్నారట. ఆయన కఠినుడు కాదు, ఖచ్చితమైన మనిషి. ఆ సాయంత్రం మా అమ్మ, "ఎందుకొచ్చిన తిప్పలే, మానుకుంటే పోలా? ఇంట్లో నాకు తోడుంటాది గదా," అంది. నా భార్య లోపలికి పోయి, ఆర్డరు కాయితం దాచిన పెట్టె మూత తీసి చూసుకుని, మళ్ళీ మూసింది. ఆ మూత చప్పుడు విన్నాక నేను నిశ్చయించుకున్నాను. దసరా సెలవులు అయిపోయేలోగా ఇద్దరినీ మోసుకుని మిట్ట ఎక్కే పెద్ద స్కూటరు కొనాలి. మేకపిల్లను అమ్మితే వచ్చేదీ, మా ఇద్దరి పొదుపూ కలిపి పదహారు వందలు తేలింది. అంతకు మించి నయాపైసా లేదు.

ఇక్కడ మా మామను పరిచయం చేయాలి. మా అమ్మ తమ్ముడు, పెద్దముడియం మనిషి. పశువుల సంతల్లో ఆయన పేరు తెలియనివాడు లేడు. ఎద్దు ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసి దాని జాతకం చెప్పేవాడు. ఈ సుడి ఉంటే ఇంటికి మంచిది, ఆ సుడి ఉంటే యజమానికి చేటు, ఇదిగో ఇది ఉంటే ఎద్దు మంచిదే కానీ అమ్మేవాడు మంచివాడు కాడు, ఇలా. అందుకే ఆయనను అందరూ 'సుడుల మామ' అనేవారు. నేను స్కూటరు కొంటున్నానని తెలియగానే మా అమ్మ, "మా తమ్ముడు సూడకుండా ఈ ఇంట్లోకి కోడిపెట్ట గూడా రాదు," అని తేల్చేసింది.

"అమ్మా, అది ఇంజను. మామకు దాని గురించి ఏం తెలుస్తుంది?" అన్నాను. రెండు వారాలుగా నేను దొరికిన మెకానిక్కునల్లా అడిగి, స్కూటరు కొనేటప్పుడు చూడవలసిన ఇరవై రెండు సంగతులు ఒక నోటుపుస్తకంలో రాసుకుని ఉన్నాను. సైన్సు పంతుల్ని కదా.

మామ వచ్చాడు, నోటుపుస్తకం అంతా చదివించుకుని విన్నాడు, తలపాగా విప్పి దులిపాడు. "అల్లుడా, ఎద్దుకు నాలుగు కాళ్ళు. దీనికి రెండు. మనకు సగం పనే," అన్నాడు.

మొదటి బండి ప్రొద్దుటూరులో ఉంది. బట్టల వ్యాపారం చేసే ఒక శెట్టి గారిది. బస్సు దిగి వాళ్ళ అంగడి ముందుకు పోయేసరికి నా కళ్ళు చెదిరాయి. నీలం రంగు పెద్ద స్కూటరు, ఎండలో మెరిసిపోతూ, హ్యాండిలుకు రెండు పక్కలా జరీ కుచ్చులు వేలాడుతూ నిలబడి ఉంది. నేను నోటుపుస్తకం తీయడం కూడా మరచిపోయాను. అప్పటికే మనసులో నేను దాన్ని తోలుకుంటూ మా స్కూలు గేట్లోకి పోతున్నాను, పిల్లలు రెండు పక్కలా నిలబడి చూస్తున్నారు, హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేస్తున్నారు.

"ఇంజను వెన్నపూస మాదిరుంటాది పంతులూ. ఇట్ల తంతే అట్ల లేస్తాది," అన్నారు శెట్టి గారు. ఆయన మనిషి ఒక్క తన్ను తన్నాడు. బండి లేచింది. నేను మామ వైపు గెలిచినట్టు చూశాను.

మామ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎద్దు వీపు నిమిరినట్టు అరచేత్తో దాని ఒళ్ళంతా నిమిరాడు. కుడిపక్క ఒకచోట చెయ్యి ఆపాడు. "ఈడ సుడి ఉండాది శెట్టీ," అన్నాడు.

"ఇనుముకు సుడేందప్పా!" అని శెట్టి గారు నవ్వారు. చుట్టూ చేరినవాళ్ళూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇది పడిన సుడి. కింద సొట్ట, పైన రంగు. సంతలో ముసలి ఎద్దు కొమ్ములు చెక్కి నూనె రాస్తారు సూడు, అట్ల," అని మామ వంగి ఇంజను మీద చెయ్యి పెట్టి, "వొళ్ళు ఎచ్చగుండాదే! మేము రాకముందే తిప్పుకొచ్చినట్లుండారే?" అన్నాడు. శెట్టి గారు ఏదో చెప్పబోయారు. మామ వినలేదు. అంగడి అరుగు మీద చతికిలబడి, "ఎండ శానా ఉండాది. రవ్వంత మజ్జిగ తెప్పీ శెట్టీ, మాట్లాడుకుందాం," అన్నాడు.

మాట్లాడాడు. శనగల ధర మాట్లాడాడు, వానల సంగతి మాట్లాడాడు, శెట్టి గారి తాత తమ ఊళ్ళో ఎవరికి చుట్టమో తవ్వి తీశాడు. గంటన్నర గడిచింది. అప్పుడు లేచి మళ్ళీ ఇంజను మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు సల్లబడినాది. ఇప్పుడు లేపండి," అన్నాడు. శెట్టి గారి మనిషి తన్నాడు. లేవలేదు. పది తన్నులు, ఇరవై తన్నులు. చొక్కా విప్పి తన్నాడు. చెప్పు ఎగిరి లోపలికి పోయి కొత్త చీరల మీద పడింది. నలభై వరకు నేను లెక్కపెట్టి, తర్వాత అతని మీద జాలితో మానేశాను. "పొద్దున మేత ఎయ్యకముందు లేచేదే ఎద్దు. మేపి, తిప్పి, బెల్లం నీళ్ళు తాపినాక అన్నీ లేస్తాయి," అంటూ మామ కండువా భుజాన వేసుకున్నాడు. బస్సులో జమ్మలమడుగు వరకు నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. నిజం ఆయనదేనని తెలుసు. అయినా ఆ జరీ కుచ్చుల మీద నాకు బెంగ తీరలేదు.

సెలవులు నాలుగు రోజుల్లో అయిపోతాయనగా పులివెందుల నుంచి కబురు వచ్చింది. చీనీతోటలున్న (బత్తాయిని మా వైపు చీనీ అంటారు) ఒక రెడ్డి గారు జీపు కొన్నారు, స్కూటరు అమ్మేస్తారట. ఈసారి మామ ఒక కొత్త షరతు పెట్టాడు. "పాపను గూడా పిల్సుకోని రా. కాడి కింద తల పెట్టేది ఇద్దరు గదా, ఒక్కని సూసి ఎట్ల కొంటాం?" అన్నాడు. బరువు చూడటానికి కాబోలు అనుకున్నాను.

రెడ్డి గారి బండి తోటలో, ఎరువు కొట్టంలో ఉంది. బూడిద రంగు. ఇంత పెద్ద స్కూటరు నేను అంతవరకు చూడలేదు. ఒళ్ళంతా సొట్టలు. సీటు మీద కోడి కూర్చుని ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామ ముఖం మాత్రం వెలిగిపోయింది. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తల ఊపాడు. తర్వాత సొట్టలన్నీ లెక్కపెట్టి, "దాసిపెట్టని సుడి ఎప్పుడూ మంచిదే అల్లుడా," అన్నాడు. రెడ్డి గారి డ్రైవరు కోడిని తోలి, కిక్కరు తన్నితే మూడో తన్నుకు బండి గర్జించింది. కొట్టంలో పొగ కమ్మింది, కోళ్ళన్నీ గోడెక్కాయి. ఆ గర్జన విన్నాక నేను కూడా సొట్టలు మరచిపోయాను. మామ ఊరుకోలేదు. వెనక తాను కూర్చుని, మధ్యలో ఒక చీనీకాయల మూట పెట్టించి, డ్రైవరు చేత చెరువుకట్ట ఎక్కించాడు. బండి ఎక్కడా ఆయాసపడలేదు.

తర్వాత నన్ను తోలమన్నారు. డ్రైవరు బండి పట్టుకుంటే ఎక్కాను, తోట చుట్టూ తిరిగి వస్తే మళ్ళీ డ్రైవరే పరుగున వచ్చి పట్టుకున్నాడు. పంతులు గారికి ఆ మాత్రం మర్యాద చేస్తారు గదా అనుకుని దర్జాగా దిగాను. మామ ఆ తర్వాత నా భార్యను కూడా బండి పట్టుకుని నాలుగడుగులు నెట్టమన్నాడు. ఆమె చీర చెంగు దోపి, ఆ పెద్ద బండిని అవలీలగా కొట్టం చుట్టూ నెట్టుకొచ్చింది. మామ మీసం దువ్వుకున్నాడు.

ఇక బేరం. మా వైపు సంతల్లో ఎద్దుల బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీద కండువా కప్పుకుంటారు, కింద వేళ్ళు పట్టుకుంటారు. పట్టిన వేళ్ళన్నీ కూడితే ఎన్నయితే అన్ని వందలు. చూసేవాళ్ళకు కండువా కదలడం తప్ప ఏమీ తెలియదు. రెడ్డి గారు కూడా ఎన్నో సంతలు చూసిన మనిషి. స్కూటరుకు ఆ పద్ధతిలో బేరమని మామ కండువా పరచగానే ఆయన ముఖంలో సంతోషం చూడాలి! కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇద్దరూ ఒకరి కళ్ళల్లో ఒకరు చూసుకుంటూ, లోకంలో మాటలే లేనట్టు కూర్చున్నారు. కండువా కింద ఏదో పాకుతున్నట్టు ఒకసారి ఉబ్బుతుంది, ఒకసారి అణుగుతుంది. రెడ్డి గారు తల అడ్డంగా ఊపుతారు, మామ చెయ్యి లాక్కోబోతాడు, మళ్ళీ పెడతాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. ధర ఆకాశంలో ఉందో, అందుబాటులో ఉందో తెలియదు. నా భార్య ఉద్యోగం ఆ గుడ్డ కింద ఉంది. ఇక ఉండబట్టలేక, "మామా, మన దగ్గర పదహారు వందలే ఉండాయి!" అని గట్టిగా అరిచేశాను.

ఇద్దరూ చేతులు కదపడం మానేశారు. నా వైపు తిరిగి, గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. రెడ్డి గారు మెల్లిగా కండువా తీసి మడిచి మామ భుజం మీద వేశారు.

"పదైదుకు దిగితిని గదప్పా ఇప్పుడే," అన్నారు, నిజంగా బాధపడుతూ. "మీ అల్లుడే పదారన్నాక నేనేం సేతు? పంతులు మాట ఎట్ల తీసేసేది?"

మామ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ వంద రూపాయలకు బదులుగా ఒక స్టెపినీ చక్రం, ఒక బస్తా చీనీకాయలు రాబట్టి, "పాపా, నీ మొగుడు బళ్ళో సైన్సు సెప్తాండాడు సరే. లెక్కలు మాత్రం సెప్పనీయొద్దు," అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ చీనీకాయల బస్తాతో బస్సెక్కాడు. మేమిద్దరం కొత్త బండి మీద బయలుదేరాం. ఆ ప్రయాణంలో నేను అనుభవించిన గర్వం తర్వాత నా జీవితంలో మళ్ళీ ఎన్నడూ అనుభవించలేదు. గాలి చెవుల్లో మోగుతోంది. వెనక భార్య. దారిలో ప్రతి మనిషీ నన్నే చూస్తున్నాడని నమ్మకం. ముద్దనూరు వరకు ఎక్కడా ఆగే పని పడలేదు. అక్కడ రైలు గేటు వేసి ఉంది. ముందు నాలుగు ఎద్దుల బండ్లు, ఒక లారీ. నేను దర్జాగా బ్రేకు వేసి, ఎడమకాలు కింద పెట్టాను.

కింద నేల లేదు.

అంటే నేల ఉంది, నా కాలికి అందలేదు. ఇరవై రెండు సంగతులు రాసుకున్న నోటుపుస్తకంలో ఆ ఇరవై మూడోది లేదు. బండి నిదానంగా, ఎంతో మర్యాదగా ఎడమపక్కకు ఒరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్క క్షణానికి తెరిచి చూస్తే బండి సగం ఒరిగి ఆగిపోయి ఉంది. వెనక నా భార్య రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి బండినీ నన్నూ కలిపి మోస్తోంది. "మెల్లిగా సర్దుకోండి. నేను పట్టుకోనుండా," అంది. గేటు దగ్గరున్న బండ్లవాళ్ళు పగలబడి నవ్వారు. రైలు ఎంతకూ రాలేదు.

ఆ రోజు నుంచి మా ప్రయాణం ఒక ఒప్పందం మీద నడిచింది. బండి తోలడం నాది, ఆగినప్పుడు కాళ్ళు ఆమెవి. నేను "ఆపుతాండా" అంటే ఆమె కాళ్ళు దించేది. సెలవులయ్యాక మొదటిరోజు మిట్ట మీదికి ఇద్దరం దిగకుండా పోయాం. చొప్ప ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు. హెడ్మాస్టరు గారు గేటు దగ్గర గడియారం చూసి తల ఊపారు. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఆమెను దింపాక నేను ఒంటరిగా వెనక్కి రావాలి. రావడం కష్టం కాదు, ఆగడమే కష్టం. ఆ దారిలో ఎక్కడ ఏ మైలురాయి ఎంత ఎత్తుందో, ఏ కల్వర్టు గోడ మీద కాలు ఆనుతుందో నాకు కంఠస్థం. మా హైస్కూల్లో అలాంటి రాయి లేదు. రోజూ గ్రౌండులో గుండ్రంగా తిరుగుతూ, "డ్రిల్లు మాస్టారూ! వచ్చినా! పట్టుకోండి!" అని కేకలు వేసేవాణ్ణి. ఆయనా, అటెండరూ చెరొక పక్క పరుగెత్తి వచ్చి నన్ను పట్టి ఆపేవారు. ఒకరోజు ఆయన సెలవు పెట్టాడు. అటెండరుకు ఒక్కడికీ ధైర్యం చాలలేదు. నేను ప్రార్థన మొదలైనప్పటి నుంచి పాట ముగిసేవరకు గ్రౌండు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పిల్లలు చేతులు జోడించి, కళ్ళు మాత్రం నాతో పాటే తిప్పుతూ నిలబడ్డారు. పెట్రోలు అయిపోయాక వేపచెట్టుకు ఆనుకుని దిగాను.

ఈ సంగతి పెద్దముడియం చేరింది. ఆదివారం మామ వచ్చాడు. నన్ను ఒక్కమాట అడగలేదు. "పాపా, హాస్టల్లో ఉన్నప్పుడు సైకిలు నేర్సుకుంటినని సెప్తివి గదా?" అన్నాడు.

"అవును మామా. మిషన్ దొరసానమ్మ అందరికీ నేర్పింది."

"అయితే పా, సంత మైదానానికి పోదాం. ఈ పొద్దు సంత లేదు."

నాకు కోపం వచ్చింది. సైన్సు చెప్పే పంతుల్ని, తరగతిలో మూఢనమ్మకాలు కూడదని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, లేచి నిలబడి, "ఆడమనిషి స్కూటరు తోలేది యాడన్నా సూసినావా మామా? ఊరు ఊరంతా నవ్వుతాది!" అన్నాను.

మామ నోరు తెరిచేలోగా నా భార్యే చెప్పింది. మెల్లిగానే చెప్పింది. "నవ్వేది వాళ్ళు. ఉద్యోగం పోయేది నాకు."

నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. రెండు ఆదివారాల్లో ఆమె నేర్చుకుంది. మైదానం నడుమ మామ కండువా ఊపుతూ, "ముక్కుతాడు గట్టిగా పట్టుకోమ్మా! బెదరొద్దు, నువ్వు బెదిరితే అది బెదుర్తాది!" అని అరుస్తుంటే, నేను గట్టు మీద కూర్చుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ ఉండేవాణ్ణి. (ఆమె లైసెన్సు కోసం కడపకు పోయినప్పుడు, దరఖాస్తు భర్తదా అని ఆఫీసులో మూడుసార్లు అడిగారట.) నేర్చుకున్నా, రోడ్డు మీదికి తేవడానికి నేను ఒప్పుకోలేదు. రోజూ నేనే తోలాను.

నా పట్టుదల ఒక శనివారంతో తీరిపోయింది. నాకు కంఠస్థమైన మైలురాళ్ళలో ఒకదాన్ని రోడ్డు పనివాళ్ళు పీకేశారు. నేను అలవాటుగా కాలు చాచాను. మడమ బెణికి గుమ్మడికాయంత అయ్యింది. ఆ సోమవారమే ఆమె బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆలస్యమైతే హెడ్మాస్టరు గారు పైకి రాయనక్కర్లేదు, పైవాళ్ళే స్వయంగా వచ్చి ఉంటారు. సోమవారం పొద్దున ఆమె స్నానం చేసి, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, నా తలగడ కింద నుంచి బండి తాళంచెవి తీసుకుంది. నేను ఏదో అనబోయేలోగా మా అమ్మ అడ్డం వచ్చింది. వద్దంటుందనుకున్నాను.

"దాన్ని ఒంటిగా పంపేది లేదు. లెయ్, ఎనక కూచో," అంది నాతో.

"కాలు బెణికిందమ్మా!"

"కూచునేది కాలితోనా?"

అలా ఆ రోజు జమ్మలమడుగు మొత్తం ఆ దృశ్యం చూసింది. ముందు తెల్లచీరలో నా భార్య, వెన్ను నిటారుగా పెట్టుకుని. వెనక కాలికి పసుపుకట్టుతో నేను, ఒళ్ళో టిఫిను క్యారియరు. వీధిలో మగ్గాల చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బస్టాండు దగ్గర ఎవరో ఈల వేశారు. నేను తల దించుకున్నాను. ఆమె దించుకోలేదు. మిట్ట మొదలైంది. గేరు మార్చింది. ఎంత సొగసుగా మార్చిందంటే, నాకు ఒక్కసారైనా అలా మారలేదు. ముందు చొప్పబండి. నేను గుండె దిటవు చేసుకున్నాను. ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు, మళ్ళీ చూశాడు. ఎద్దుల్ని పక్కకు లాగి దారిచ్చాడు. మేము దాటేటప్పుడు బండి మీద లేచి నిలబడి, తలగుడ్డ తీసి, "పో తల్లీ, పో!" అని కేక పెట్టాడు. నన్ను చూడనే లేదు.

అప్పుడు నాకేమయిందో తెలియదు. సిగ్గంతా ఎటు పోయిందో పోయింది. టిఫిను క్యారియరు పైకెత్తి, "మోకు కావాల్నా తాతా? లాగుతాం!" అని అరిచాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలికి అని చెప్పుకున్నాను గానీ, గాలికి కాదు.

బడి గేటు దగ్గర హెడ్మాస్టరు గారు గడియారం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె బండి ఆపింది. రెండు కాళ్ళూ నేల మీద నిబ్బరంగా పెట్టింది. ఆయన గడియారం చూశారు, బండిని చూశారు, ఆమెను చూశారు, వెనక నన్ను చూశారు. ఇంకా పన్నెండు నిమిషాలుంది. పన్నెండు నిమిషాలూ ఆయన అలాగే చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు గంట కొట్టడం ఆలస్యం చేసింది హెడ్మాస్టరు గారే, అది కూడా ఇన్‌స్పెక్టరు గారి ముందు.

ఆ బండి మా ఇంట్లో పదకొండేళ్ళు పని చేసింది. ఊళ్ళో దాన్ని 'దున్న' అనేవాళ్ళు, 'దున్న టీచరు' అంటే ఆమె. తర్వాత ఆమె అదే బడికి హెడ్మిస్ట్రెస్ అయ్యింది. నన్ను మాత్రం కొత్తవాళ్ళకు 'దున్న టీచరు ఇంటాయన' అని పరిచయం చేసేవారు. మొదట్లో కొంచెం గుచ్చుకునేది. తర్వాత తర్వాత నేనే అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను.

దున్నను అమ్మే రోజు మామను మళ్ళీ పిలిచాం. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. కొనడానికి వచ్చినవాడికి చేత్తో తడిమి సొట్టలన్నీ చూపించాడు, ఒక్కటీ దాచలేదు. వాడు పోయాక, ఏళ్ళుగా నాలో ఉన్న మాట అడిగాను. "మామా, పులివెందుల్లో దీన్ని సూసినప్పుడు నా కాళ్ళు అందవని నీకు తెలీలేదా?"

మామ నవ్వాడు. "తెలీకుండా యాడికి పోతాది అల్లుడా? డ్రైవరు నిన్ను సంకన బెట్టుకోని దించె గదా. ఎద్దును సూసేవానికి మనిషిని సూసేది రాదా?"

"మరి ఎందుకు కొనిపిస్తివి?"

"నీ కోసరం కొనింటే సిన్న బండి సూసిందును. ఉద్యోగం నీదా? ఎవురు తోలల్లనో వాళ్ళకే కొంటి," అన్నాడు. ఆ పదకొండేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టని సంగతి అది. ఆడమనిషి స్కూటరు తోలడం ఎక్కడైనా చూశావా అని నేను కేకలేసినప్పుడు, ఆయన దాన్ని అప్పటికే చూసేసి, కొనేసి ఉన్నాడన్నమాట.

ఇప్పుడు మామ లేడు. మా ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికి పోయినా ఆటోలోనే. ముద్దనూరు దగ్గర ఎప్పుడైనా రైలు గేటు పడి ఆటో ఆగితే, ఆమె తనకు తెలియకుండానే రెండు పాదాలూ కింద గట్టిగా తన్నిపెడుతుంది. ఆటోకు మూడు చక్రాలున్నాయని, అది పడదని ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పక్కన, సీటు నుంచి నేల అందని కాళ్ళు ఊపుకుంటూ, నిశ్చింతగా కూర్చుంటాను.